డాబా మీద గుమ్మడి వడియాలు

ధనుర్మాసం వచ్చిందంటే మా ఇంట్లో అందరికీ డ్యూటీలు పడతాయి. వైజాగ్‌లో చలేంటి అని నవ్వకండి. లంబసింగి అంత కాకపోయినా, తెల్లారేసరికి డాబా అంతా మంచుకి తడిసి ఉంటుంది. రగ్గులు, బొంతలు ఎండేయడం తమ్ముడి పని, సాయంత్రం దించడం కూడా. రెండోది వాడికి ఎప్పుడూ గుర్తుండదు.

అసలు సందడంతా గుమ్మడి వడియాలది. బూడిద గుమ్మడికాయ నాన్నే కొట్టాలి, ఆడవాళ్ళు కొట్టకూడదట. కొట్టేది ఒక్క దెబ్బ, ఆ తర్వాత గంటలకొద్దీ ముక్కలు తరిగేది మాత్రం అమ్మా, నేనూ! ఈసారి నాన్నకీ కత్తిపీట అప్పగించాం. కాసేపటికే "ఇంకో కాయ వద్దులే" అన్నారు.

ముక్కలకి ఉప్పు, పసుపు పట్టించి, పాత పంచెలో మూటకట్టి, పైన పొత్రం పెడితే రాత్రికి రాత్రే నీరంతా దిగిపోతుంది. మినప్పిండి మాత్రం గట్టిగా రుబ్బాలి. కాస్త జారైనా వడియం నిలబడదు. పచ్చిమిర్చి, జీలకర్ర, ఇంగువ మా అమ్మ కొలత ప్రకారం, అంటే చేతికి వచ్చినంత.

కాకుల కాపలా మామ్మది. కుర్చీ, కర్ర, ఫోన్‌లో ప్రవచనం. పైన ఎండి లోపల పచ్చిగా ఉన్నవాటినే నోట్లో వేసుకుంటూ "ఉప్పు చూస్తున్నానే" అంటుంది. పొద్దుగూకేలోపు లోపల పెట్టకపోతే మంచుకి మెత్తబడి బూజు పడతాయి. ఆ డ్యూటీ తమ్ముడికి ఇవ్వలేదు.

హైదరాబాద్‌లో ఉన్న అక్కకి ఒక డబ్బా పక్కన పెట్టాం. ఏ పనీ చెయ్యకుండా వాటా అడిగేది అదొక్కతే.