మ్యాప్‌లో జానెడే!

"అన్నా, మ్యాప్‌ల జానెడే ఉంది. పొద్దున పోయి మాపటికి వచ్చేస్తం గదా!" ట్యాంక్‌బండ్ మీద నిలబడి, తెరచాప పడవలో షికారు పోదామని ఫోన్‌లో గోవా తీరం చూపిస్తున్నాడు తమ్ముడు.

ఆ జానెడు 30 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 56 కిలోమీటర్లు. అద్దెకు తీసుకునే తెరచాప పడవ గంటకు 5 మైళ్లు పోతే గొప్ప. పోవడానికే ఆరు గంటలు. ఎదురుగాలి ఉంటే నేరుగా పోలేదు, అటూ ఇటూ వాలుగా మలుపులు తిరగాలి, దూరం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఒక్కరోజు షికారుకైతే 8, 10 మైళ్లు చాలు.

లంగరు దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. నీటి లోతు 5 మీటర్లు, పడవ ముందుభాగం ఎత్తు ఒక మీటరు, మొత్తం 6. దానికి ఐదింతలు, 30 మీటర్ల గొలుసు వదలాలి. తక్కువైతే గొలుసు లంగరును పైకి లాగుతుంది, పట్టు జారుతుంది. పోటు పెరిగే చోటైతే ఆ ఎత్తూ కలుపుకోవాలి.

పడవ ఇంజన్‌కు పోసే డీజిల్ మూడు వాటాలు: పోవడానికి, రావడానికి, ముట్టుకోకుండా ఉంచడానికి.

వారం ట్రిప్పైతే ఒక రోజు ఖాళీగా వదిలెయ్. గాలి ముదిరినా రిటర్న్ ఫ్లైట్ కోసం బయల్దేరడమే అసలు ప్రమాదం.

ఇంత విని వాడడిగిందొక్కటే: "బిర్యానీ పార్శిల్ తీస్కపోవచ్చా?"

తీస్కపో. లంగరు వేశాక తిను.