‘ఆ లా తుర్క్’ను ఇంగ్లీషులో ఏమనాలి?

ఫ్రాన్సులో పెరిగే మన పిల్లలకు ఈ మాట ఎక్కువగా హైవే ప్రయాణాల్లో తగులుతుంది. పెట్రోలు బంకు లేని చిన్న విశ్రాంతి స్థలాల్లో, క్యాంపింగ్ మైదానాల్లో, కొన్ని పాత బడుల ఆవరణల్లో నేలబారు మరుగుదొడ్లు ఇంకా ఉన్నాయి. వాటిని ఫ్రెంచివాళ్లు ‘తువాలెత్ ఆ లా తుర్క్’ అంటారు, అంటే తుర్కుల పద్ధతిలో ఉన్నవని. లండన్‌లోనో డాలస్‌లోనో ఉన్న మేనమామ పిల్లలతో ఇంగ్లీషులో కబుర్లు చెప్పేటప్పుడు మనవాళ్లు దాన్ని ‘టర్కిష్ టాయిలెట్’ అని దింపేస్తారు. అక్కడే సరిదిద్దాలి. ఇంగ్లీషులో దానికి ‘స్క్వాట్ టాయిలెట్’ అనే మామూలు మాటే ఉంది.

సరిదిద్దడానికి మొదటి కారణం అర్థానికి సంబంధించింది. ఇంగ్లీషు వినేవాళ్లకు ‘టర్కిష్ బాత్’ అంటే ఆవిరి స్నానశాల. అదే విశేషణం టాయిలెట్ ముందు చేరితే కొందరు పర్యాటకులకు తప్ప చాలామందికి ఏ ఆకారమూ కళ్లముందు కట్టదు. ‘స్క్వాట్’ అంటే గొంతుక్కూర్చోవడం కాబట్టి ఎలా కూర్చోవాలో వెంటనే తెలుస్తుంది.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. ఫ్రెంచిలో ‘ఆ లా’ తర్వాత ‘పద్ధతి’ అని అర్థమిచ్చే స్త్రీలింగ పదం ఒకటి పైకి చెప్పకుండా దాగి ఉంటుంది. అందుకే ‘లా’ వస్తుంది. ఫ్రెంచివాళ్ల నోట్లో ఆ పలుకుబడి నలిగిపోయింది, అన్నప్పుడల్లా ఎవరూ తుర్కులను తలుచుకోరు. ఇంగ్లీషులోకి తెచ్చేసరికి ఆ నలుగుడు పోతుంది. ఒక జాతి పేరు కొత్తగా, నిక్కచ్చిగా, మరుగుదొడ్డికి అంటుకుని నిలబడుతుంది. చెప్పే పిల్లకు ఆ ఉద్దేశం లేకపోయినా వినే పిల్లాడి ఇంటిపేరు తుర్కుదైతే గుచ్చుకుంటుంది. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్గ్ లాంటి ఊళ్లలో అలాంటి పిల్లలు పక్క బెంచీలోనే ఉంటారు. ఫ్రెంచిలో అందరూ ఏడిపించే మనిషిని ‘తెత్ ద తుర్క్’, తుర్కు తల, అంటారన్న సంగతి కూడా వాళ్లకు బాగా తెలుసు.

పిల్లలకు ఇది మందలింపుగా చెబితే ఎక్కదు. అద్దం చూపించినట్టు చెబితే ఎక్కుతుంది. తుర్కీలో నేలబారు దొడ్డిని ‘అలాతుర్కా’ అంటారు. కుర్చీలా ఉండేదాన్ని ‘అలాఫ్రాంగా’, ఫ్రాంకుల పద్ధతి, అంటారు. అంటే యూరోపువాళ్లదని. ఇటలీలో నేలబారుది ‘తుర్కా’. రష్యా శానిటరీ దుకాణాల్లో అదే వస్తువుకు ఇటలీ ఊరు జెనోవా పేరు పెట్టారు. జపాన్‌లో ‘వాషికి’ అంటే జపాను తీరుది, ‘యోషికి’ అంటే పడమటి తీరుది. మన రైలు డబ్బాల్లో ‘ఇండియన్’, ‘వెస్టర్న్’ అని రాసి ఉంటుంది. వస్తువు ఒకటే, తగిలించే దేశం మాత్రం ఊరూరికీ మారుతుంది.

దేశం పేరున్న పలుకుబడిని మాటకు మాట దించకూడదని చెప్పడానికి ఇంకో మంచి ఉదాహరణ ఉంది. ఎవరికీ చెప్పకుండా విందులోంచి జారుకోవడాన్ని ఫ్రెంచిలో ‘ఫిలే ఆ లాంగ్లేజ్’, ఇంగ్లీషువాళ్లలా జారుకోవడం, అంటారు. అదే పనికి ఇంగ్లీషువాళ్లు ‘ఫ్రెంచ్ లీవ్’ అంటారు. పదేళ్ల పిల్లలు దీన్ని ఒక్క వినికిడితో పట్టేస్తారు.

వాక్యంలో దించేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. ఫ్రెంచిలో ‘ఆ లా తుర్క్’ నామవాచకం తర్వాత వస్తుంది, కొన్నిసార్లు క్రియకు అవతల పడుతుంది. ‘క్యాంపింగ్‌లోని దొడ్లు ఆ లా తుర్క్‌గా ఉన్నాయి’ అన్న వరసనే ఇంగ్లీషులో పెడితే వాక్యం కుంటుతుంది. ‘ది క్యాంప్‌సైట్ హాజ్ స్క్వాట్ టాయిలెట్స్’ అని తిప్పి రాయించాలి. శానిటరీ సామాను గురించైతే ‘స్క్వాటింగ్ పాన్’ సరైన మాట. ‘హోల్ ఇన్ ది ఫ్లోర్’ అని రాయనివ్వకండి. అది వస్తువు పేరు కాదు, ఏవగింపు. ‘టర్కిష్’ను ఉంచాల్సింది ఒకే చోట, రచన ఆ పేరు గురించే మాట్లాడుతున్నప్పుడు. అప్పుడు కూడా ఫ్రెంచివాళ్లు అలా పిలుస్తారని వాక్యంలోనే చెప్పాలి. ఫ్రెంచిలో మాట్లాడేటప్పుడు మాత్రం పిల్లలు ‘ఆ లా తుర్క్’ అనడం తప్పు కాదు, అక్కడ దాని పేరు అదే.

ఇంట్లో మాట తెలుగుదే ఉండనివ్వండి. మరుగుదొడ్డి అంటే మరుగున ఉన్న దొడ్డి, పెరటి చోటు. గొంతుక్కూర్చోవడం, మఠం వేసుకుని కూర్చోవడం అనే మాటలు మనకు ఎలాగూ ఉన్నాయి, రెండూ భంగిమను చెబుతాయి గానీ జాతిని కాదు. అమెరికా బడుల్లో మఠం వేసుకోవడాన్ని ఒకప్పుడు ‘ఇండియన్ స్టైల్’ అనేవారు, అంటే అక్కడి ఆదివాసుల తీరని. ఇప్పుడు టీచర్లు ‘క్రిస్ క్రాస్ ఆపిల్‌సాస్’ అని ఆటమాటగా అంటున్నారు. ‘ఇండియన్ టాయిలెట్’ అన్న మాటను సెలవులకు తాతగారి ఊరు వెళ్లబోయే పిల్లలు మొహం చిట్లించి అంటుంటే, ఆ చిట్లింపు కూడా ఇలా తగిలించిన పేరులోంచే వస్తోందేమో గమనించండి.

ఇక వాడకం. మన దేశపు నేలబారు దొడ్లలో ఉండే ఒరిస్సా పాన్ అలవాటున్న పెద్దలు కూడా ఫ్రెంచి దొడ్డిలో పొరబడతారు. ఒరిస్సా పాన్‌లో నీళ్లు పొడవాటి గుంటలోనే పారతాయి. ఫ్రెంచిది పింగాణీ లేదా స్టీలు పలక, రెండు పాదాల గుర్తులు కాస్త ఎత్తుగా ఉంటాయి, రంధ్రం వెనకవైపు ఉంటుంది. ఫ్లష్ నొక్కితే పలకంతా నీళ్లు పరుచుకుంటాయి. బూట్లు, ప్యాంటు అంచులు తడిసేది అందుకే. అందుకని ముందు ప్యాంటును మోకాళ్ల దాకా మడవాలి, జేబులు ఖాళీ చేయాలి. వీపు గోడవైపు, మొహం తలుపువైపు పెట్టి, గుర్తుల మీద వీలైనంత వెనక్కి నిలబడాలి. ముందుకు నిలబడితే రంధ్రంలో పడాల్సింది పలక మీద పడుతుంది.

కుర్చీ దొడ్డికే అలవాటైన పిల్లలు మడమలు ఎత్తి మునివేళ్ల మీద కూర్చుంటారు. బరువు ముందుకు తూలి పడిపోతారు. ఇంట్లో ఆడుకుంటూ రోజూ రెండు నిమిషాలు మడమలు నేలకు ఆన్చి గొంతుక్కూర్చోబెడితే అలవాటవుతుంది. గుర్తుల మధ్య దూరం పెద్దల కాళ్లకు తగ్గది కాబట్టి చిన్నవాళ్లను ఎదురుగా నిలబడి రెండు చేతులూ పట్టుకోవాలి. లోపల కుళాయి, మగ్గు ఉండవు, కాగితం అయిపోయి ఉండటమూ మామూలే. కారులో అర లీటరు నీళ్ల సీసా, ఒక టిష్యూ పొట్లం వేరుగా పెట్టుకోండి. వెట్ వైప్స్ మాత్రం రంధ్రంలో వేయకూడదు, గొట్టం పూడుకుపోతుంది. అంతా అయ్యాక పిల్లను బయటికి పంపి, తలుపు తెరిచే ఉంచి, మీరూ ఒక కాలు గడప అవతల పెట్టి అప్పుడు ఫ్లష్ నొక్కండి.