పాత కారులో వింత చప్పుడు: అది దేన్ని అనుసరిస్తోంది?

పాత కారు అడుగు నుంచి కొత్త చప్పుడు వినిపించగానే ఎవరైనా మొదట అడిగే ప్రశ్న "ఎక్కడి నుంచి?" అన్నదే. నేను మాత్రం ఆ ప్రశ్నను చివరికి అట్టిపెడతాను. కారు బాడీ అంతా ఇనుప రేకే కనుక వెనుక చక్రం బేరింగు రొద ముందు సీటు కింద మోగుతున్నట్లు వినిపించడం మామూలే. చోటు విషయంలో చెవి సులువుగా మోసపోతుంది గానీ, చప్పుడు దేనితో పాటు పెరుగుతోంది, దేనితో పాటు ఆగుతోంది అన్న విషయంలో అంతగా మోసపోదు. అందుచేత ఒక్క బోల్టయినా విప్పకముందే, అది ఇంజిను వేగాన్ని అనుసరిస్తోందా, చక్రాల వేగాన్నా, లేక యాక్సిలరేటరు నొక్కినప్పుడు పడే లోడునా అన్నది తేల్చుకోవాలి.

మాన్యువల్ గేర్లున్న బండి అయితే తొలి పరీక్షకు రోడ్డెక్కనక్కర లేదు. బండిని నిలిపి, న్యూట్రల్‌లో ఇంజినును నడుపుతూ వినాలి. క్లచ్ పెడలు వదిలి ఉన్నంతసేపూ గరగరమని, పూర్తిగా తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్సులోని ఇన్‌పుట్ షాఫ్టు (ఇంజిను శక్తిని లోపలికి తెచ్చే ఇరుసు) బేరింగును అనుమానించాలి, ఎందుకంటే పెడలు తొక్కగానే ఆ షాఫ్టు తిరగడం ఆగుతుంది. తొక్కినప్పుడే చప్పుడు మొదలైతే సాధారణంగా అది క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు పని.

రోడ్డు మీద, ఖాళీగా ఉన్న సమతలమైన దారిలో, ఒక వేగానికి వచ్చాక గేరును న్యూట్రల్‌కు తెచ్చి చూడాలి. (ఇంజినును ఆపేసి పరీక్షించేవారూ ఉన్నారు, బ్రేకుకూ స్టీరింగుకూ అందే సాయం పోతుంది కనుక ఆ పని చేయవద్దు.) చప్పుడు ఏ మార్పూ లేకుండా కొనసాగి, వేగంతో పాటే తగ్గుతూ వస్తే అది చక్రాలతో పాటు తిరిగే భాగాలదే. రోడ్డు నున్నగా ఉన్నచోట ఒక రకంగా, గరుకుగా ఉన్నచోట మరో రకంగా వినిపించే రొద టైర్లది. బేరింగు రొద రోడ్డును బట్టి మారదు. కుడికి మెల్లగా తిప్పినప్పుడు బరువు ఎడమ చక్రాల మీదికి పోతుంది కనుక అప్పుడు రొద పెరిగితే ఎడమ వైపు బేరింగును అనుమానించవచ్చు. అయితే ఇది అన్ని వేళలా నిజం కాదు. బండిని స్టాండు మీద నిలిపి, సస్పెన్షన్ స్ప్రింగు మీద ఒక చేయి ఆనించి, రెండో చేత్తో చక్రం తిప్పితే పాడైన బేరింగు గరుకుదనం స్ప్రింగు ద్వారా వేళ్లకు తెలుస్తుంది. ఈ పరీక్షనే నేను ఎక్కువగా నమ్ముతాను.

వణుకు కూడా తోడైతే కాస్త లెక్క పనికివస్తుంది. టైరు చుట్టుకొలత సుమారు 1.8 మీటర్లనుకుంటే గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు 9 సార్లకు కొంచెం పైగా తిరుగుతుంది. వెనుక చక్రాలతో నడిచే కారులో డిఫరెన్షియల్ (వెనుక చక్రాలకు శక్తిని పంచే పళ్ల చక్రాల పెట్టె) నిష్పత్తి 4 అయితే, గేర్‌బాక్సు నుంచి దానికి శక్తిని తెచ్చే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు అదే వేగంలో సెకనుకు 37 సార్లు తిరుగుతుంది. లెక్కపెట్టగలమేమో అనిపించేంత నెమ్మదైన దడదడ చక్రానిది, సీటంతా పాకే సన్నని జలదరింపు షాఫ్టుది.

నా కారు కూడా వెనుక చక్రాలతో నడిచేదే. నడక వేగంలో కిచకిచమని, వేగం పెరగగానే మిగతా హోరులో కలిసిపోయే చప్పుడు ఒకటి దానిలో మొదలైంది. కిందికి దూరి చూస్తే ప్రొపెల్లర్ షాఫ్టు కీలులో ఉండే క్రాస్ బేరింగు కప్పుల అంచున తుప్పు రంగు పొడి సన్నగా పేరుకుని ఉంది. లోపలి గ్రీజు ఎండిపోయి, సూది బేరింగులు అరుగుతున్నాయనడానికి అదే గుర్తు. దాన్ని అలాగే వదిలేస్తే ముందుకు నడిపే గేరు నుంచి రివర్సుకు మార్చినప్పుడల్లా టక్కుమనే దెబ్బ కూడా మొదలవుతుంది.

ముందు చక్రాలతో నడిచే కార్లలో, స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలిస్తే టకటకమనేది సాధారణంగా బయటి సీవీ జాయింటు, అంటే ఇరుసును చక్రానికి కలిపే కీలు. దాని రబ్బరు బూటు చిరిగిందేమో చూస్తే చాలావరకు తేలిపోతుంది.

గుయ్యిమనే సన్నని రాగం యాక్సిలరేటరు నొక్కినప్పుడు మాత్రమే, లేదా వదిలినప్పుడు మాత్రమే వస్తే డిఫరెన్షియల్ పళ్ల కలయిక చెడిందనుకోవాలి. ఆయిలు దించినప్పుడు డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి మెత్తని బూడిద రంగు ముద్ద అంటుకుని ఉండటం సహజం. ఆ ముద్దలో గోటికి తగిలే లోహపు పెచ్చులు కనిపిస్తే మాత్రం ఇక వినవలసింది ఏమీ లేదు, డిఫరెన్షియల్‌ను విప్పించాలి.