బేడల లెక్కతో ఆక్టల్ పట్టుబడింది: నా ఈసెట్ ప్రిపరేషన్ అనుభవం

డిప్లొమా సీఎస్‌ఈ చివరి సంవత్సరంలో ఉండి ఈసెట్‌కు (డిప్లొమా తర్వాత నేరుగా ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో చేరడానికి రాసే పరీక్ష) చదువుతున్న తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను. సిలబస్ మొత్తం జోలికి పోవడం లేదు. ఆక్టల్ నంబర్‌ను, అంటే 0 నుంచి 7 దాకా ఎనిమిది అంకెలతోనే రాసే నంబర్‌ను, డెసిమల్‌లోకి, అంటే మనం రోజూ వాడే పదుల లెక్కలోకి మార్చడం, అంతే. ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద పోస్టా అనుకోవద్దు. మొదటిసారి ఈసెట్‌లో నాకు పోయిన మార్కుల్లో చాలావరకు రానివాటిలో పోయినవి కావు, వచ్చినవాటిలో పోయినవే. అది నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

మాది పరకాల దగ్గర పల్లె. బాపు సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు హమాలీ పనికి పోతాడు. కోచింగ్‌కు కట్టే స్తోమత లేదు కాబట్టి రెండోసారి ప్రిపరేషన్ అంతా హన్మకొండ లైబ్రరీలోనే సాగింది. పొద్దున బస్సెక్కి ఆత్మకూరు మీదుగా రావడం, చీకటి పడేవేళకు ఇల్లు చేరడం. మాక్ టెస్టులు మాత్రం ఒకచోట డబ్బు కట్టి రాసేదాన్ని.

ఈసెట్ లెక్క మీకు తెలిసిందే. 200 ప్రశ్నలు, 180 నిమిషాలు. మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మన బ్రాంచ్ 100. అంటే ఒక్కో ప్రశ్నకు 54 సెకన్లు. కాలిక్యులేటర్ ఉండదు. మూడేళ్లు ప్రతి చిన్న గుణకారానికీ కాలిక్యులేటర్ నొక్కిన చేతులకు ఇదే అసలు కష్టం. నంబర్ సిస్టమ్స్ వంటి తేలిక ప్రశ్నలు పదిహేను, ఇరవై సెకన్లలో అయిపోతేనే మ్యాథ్స్‌లో ఇంటిగ్రేషన్‌కు టైం మిగులుతుంది.

ఒక మాక్ టెస్టులో వచ్చిన ప్రశ్న ఇది: ఆక్టల్ 127కు సమానమైన డెసిమల్ ఎంత? నేను రఫ్ షీట్ మీద 8 ఘాతాలు వేసుకున్నాను. కంగారులో కుడి చివరి అంకెకు 8 ఘాతం 0 అనుకోవాల్సింది, ఘాతం 1 నుంచి మొదలుపెట్టాను. 7 ఎనిమిదులు 56, రెండు అరవైనాలుగులు 128, ఒక 512. కలిపితే 696. ఆప్షన్లలో 696 ఉంది. ఉంది కదా అని ఇంకేం ఆలోచించకుండా క్లిక్ చేశాను. సరైన జవాబు 87. ఆ 87నే ఒకసారి ఎక్కువగా 8తో గుణిస్తే 696 వస్తుంది. ప్రశ్న తయారుచేసేవాళ్లు మనం ఎక్కడ తప్పు చేస్తామో ముందే లెక్కేసి, ఆ తప్పు జవాబును కూడా ఆప్షన్లలో పెడతారు. మన జవాబు ఆప్షన్లలో కనిపించినంత మాత్రాన అది కరెక్ట్ అయినట్టు కాదని ఆ రోజు గట్టిగా తెలిసింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆ కాగితాన్నే ముందేసుకొని కూర్చున్నాను. నానమ్మ పక్కనే చింతపండు గింజలు తీస్తోంది. ఎనభై దాటిన మనిషి, బడికి పోలేదు.

"ఏంది బిడ్డా, అప్పటిసంది గదే కాగితం పట్టుకున్నవ్?" అంది.

"ఇందులో పదులుండవ్ నానమ్మా. ఎనిమిది కాంగనే పక్క స్థానానికి పోతది. గా లెక్కల తప్పు పోయింది" అన్నాను.

నానమ్మ చేతిలోని గింజ పక్కన పడేసి, "గది బేడల లెక్కనే గదా. ఎనిమిది బేడలైతే రూపాయి. మూడు రూపాయల అయిదు బేడలుంటె మొత్తం ఎన్ని బేడలు?" అని అడిగింది. నేను పెన్ను తీసేలోపే తనే చెప్పేసింది, ఇరవై తొమ్మిదని.

పాత లెక్కలో రూపాయికి పదహారు అణాలు, రెండణాలు ఒక బేడ. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాక ఆ లెక్క పోయింది గానీ అప్పటికి ఊహ తెలిసినవాళ్లకు అది నోటికి అలాగే ఉంది. నానమ్మ ఘాతాలు వేయలేదు. ఉన్న మూడు రూపాయలను ఎనిమిదితో హెచ్చించి, పక్కనున్న అయిదు కలిపింది. ఆక్టల్ 35 అంటే డెసిమల్ 29. అంతకంటే ఏమీ లేదు.

ఆ రోజు నుంచి ఘాతాలు రాయడం మానేశాను. ఎడమవైపు మొదటి అంకెతో మొదలుపెట్టాలి. చేతిలో ఉన్నదాన్ని 8తో గుణించి పక్క అంకె కలపాలి. వచ్చినదాన్ని మళ్లీ 8తో గుణించి, ఆ తర్వాతి అంకె కలపాలి. అంకెలు అయిపోతే జవాబు వచ్చినట్టే. 127నే చూడండి: 1 ఎనిమిది 8, దానికి 2 కలిపితే 10. పది ఎనిమిదులు 80, దానికి 7 కలిపితే 87. ఘాతం సున్నా నుంచా, ఒకటి నుంచా అనే టెన్షనే లేదు. ఎందుకంటే చివరి అంకెను కలిపాక ఇక గుణించం. నాలుగంకెలదైనా ఇంతే. 3725 తీసుకుంటే 3 నుంచి 24, ఏడు కలిపి 31. దాన్ని ఎనిమిదితో గుణిస్తే 248, రెండు కలిపి 250. మళ్లీ గుణిస్తే 2000, అయిదు కలిపి 2005. మొత్తం మీద మూడుసార్లు ఎనిమిదో ఎక్కం వాడాం. 512ను 3తో, 64ను 7తో విడివిడిగా గుణించి, ఆ నాలుగు వరుసలూ కూడే పని లేదు.

కొందరు ప్రతి ఆక్టల్ అంకెనూ మూడు బైనరీ అంకెలుగా రాసి, అక్కడి నుంచి డెసిమల్‌కు వెళ్తారు. ఆక్టల్ నుంచి హెక్సాకు (బేస్ పదహారు) వెళ్లాలంటే అదే మంచి దారి. డెసిమల్‌కు మాత్రం వద్దు. పన్నెండు ఒకట్లు, సున్నాలు రాసి వాటి విలువలు కూడే టైంలో మీరు రెండు ప్రశ్నలు చేయొచ్చు.

ఇప్పుడు చెక్ చేసుకోవడం. నాకు ఎక్కువ మార్కులు కాపాడింది ఇదే, అందుకే కొంచెం ఆగి చదవండి. 8, 64, 512 అన్నీ సరిసంఖ్యలు. కాబట్టి ఆక్టల్ నంబర్ చివరి అంకె బేసి అయితే డెసిమల్ జవాబూ బేసే కావాలి. 127 చివర 7 ఉంది, 696 సరిసంఖ్య. లెక్క చేయకుండానే దాన్ని కొట్టేయొచ్చు. ఆ రోజు నాకు ఇది తెలిసి ఉంటే ఒక్క సెకను పట్టేది. ఇంకో మెట్టు ముందుకు పోతే, డెసిమల్ జవాబును 8తో భాగిస్తే మిగిలే శేషం ఆక్టల్ చివరి అంకెతో సమానం కావాలి. వెయ్యి 8తో పూర్తిగా పోతుంది కాబట్టి చివరి మూడంకెలను భాగించి చూస్తే చాలు. రెండు ఆప్షన్లకు అదే శేషం వస్తే ఏడుతో చూడండి. ఆక్టల్ అంకెల మొత్తాన్ని 7తో భాగించినా, డెసిమల్ జవాబును 7తో భాగించినా ఒకే శేషం రావాలి. 3725 అంకెల మొత్తం 17, శేషం 3. 2005లోంచి 2002 తీసేస్తే మిగిలేదీ 3. ఎనిమిదిని ఏడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది కాబట్టి ఇలా జరుగుతుంది. మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన తొమ్మిదుల చెక్ లాంటిదే ఇది, అక్కడ బేస్ పది, ఇక్కడ ఎనిమిది.

పాయింట్ ఉన్నవాటిని చాలామంది వదిలేస్తారు. వదలకండి, అక్కడా నానమ్మ లెక్కే పనిచేస్తుంది. పాయింట్ తర్వాతి మొదటి స్థానం రూపాయిలో బేడల స్థానమే అనుకోండి. రెండు బేడలు పావలా, అంటే 0.25. నాలుగు బేడలు అర్ధరూపాయి, 0.5. ఆరు బేడలు ముప్పావలా, 0.75. ఒక్క బేడ పన్నెండున్నర పైసలు, 0.125. కాబట్టి ఆక్టల్ 24.6 అంటే ఇరవై రూపాయల ముప్పావలా, 20.75. పాయింట్ తర్వాత రెండంకెలుంటే ఆ రెండింటినీ మామూలు ఆక్టల్ నంబర్‌లా మార్చి 64తో భాగించండి. 0.14 అంటే 14 ఆక్టల్, అది 12. పన్నెండును 64తో భాగిస్తే 0.1875.

అన్నీ ఏడులే ఉంటే గుణకారమే అక్కర్లేదు, తర్వాతి ఘాతంలోంచి ఒకటి తీసేయండి. 77 అంటే 63, 777 అంటే 511, 7777 అంటే 4095. డెక్ కంపెనీ 1965లో తెచ్చిన పీడీపీ-8 అనే కంప్యూటర్‌లో పదం పొడవు (ఒకేసారి పట్టే బైనరీ అంకెలు) 12 బిట్లు. అందుకే దాని అడ్రస్‌లను నాలుగు ఆక్టల్ అంకెల్లో రాసేవాళ్లు, 0000 నుంచి 7777 దాకా మొత్తం 4096. పన్నెండు మూడుతో తెగుతుంది కాబట్టి ఆక్టల్ అక్కడ చక్కగా కుదిరింది. ఇవాళ మనకు ఆక్టల్ ఎక్కువగా కనిపించేది యూనిక్స్ పర్మిషన్లలో, అంటే ఫైల్‌ను ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు అని చెప్పే నంబర్లలో. ఆ పర్మిషన్లు మార్చే కమాండ్ సీహెచ్‌మోడ్ 755లోని ఆ 755 డెసిమల్‌లో 493.

సీ లాంగ్వేజ్‌లోనూ ఆక్టల్ ఉంటుంది, పైకి కనిపించదు. పూర్ణసంఖ్య ముందు సున్నా పెడితే సీ దాన్ని ఆక్టల్‌గా తీసుకుంటుంది. వేరియబుల్‌కు 025 ఇచ్చి పర్సెంట్ డీతో (డెసిమల్‌గా) ప్రింట్ చేస్తే 21 వస్తుంది, 25 రాదు. 08 అని రాస్తే కంపైలర్ ఎర్రర్ ఇస్తుంది, ఆక్టల్‌లో 8 అనే అంకే లేదు కదా. డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చదివేటప్పుడే దీన్నీ కలిపి చదివేస్తే ఒకే తెలివితో రెండు సబ్జెక్టులు అవుతాయి.

ప్రాక్టీస్‌కు నేను విడిగా టైం పెట్టలేదు. బస్సు కిటికీ పక్కన కూర్చొని ఎదురొచ్చే బండ్ల నంబర్లు చూసేదాన్ని. 8 గానీ 9 గానీ ఉంటే వదిలేయడం, లేకపోతే ఆక్టల్ అనుకొని మార్చేయడం. 5236 కనిపిస్తే 5, 42, 339, 2718. మొదటి వారం బండి దాటిపోయాక చాలాసేపటికి జవాబు వచ్చేది. నెల తిరిగేసరికి ఆత్మకూరు రాకముందే ముప్పై, నలభై నంబర్లు అయిపోయేవి. పేపర్ మీద కాకుండా నోట్లో చేయడం వల్లే ఆ వేగం వచ్చిందని నా నమ్మకం. ఎనిమిదో ఎక్కం మాత్రం 8 ఇరవైల దాకా తడుముకోకుండా రావాలి. ఆ పైన వచ్చే 31, 42 లాంటివాటిని పదులు, ఒకట్లుగా విడగొట్టి గుణించుకోండి.

ఇంకో జాగ్రత్త, మధ్యలో వచ్చే సున్నా. కలపడానికి ఏమీ లేదని నా ఫ్రెండ్ ఒకతి ఆ మెట్టునే దాటేసేది. సున్నా ఉన్నా 8తో గుణించాల్సిందే. 305లో 3 నుంచి 24, సున్నా కలిపినా 24, మళ్లీ గుణించి 192, అయిదు కలిపి 197. మెట్టు దాటేస్తే 29 వస్తుంది. ఆ 29 కూడా ఆప్షన్లలో ఉంటుంది. పైగా 29కీ 197కీ సరి-బేసి చెక్, 8 శేషం, 7 శేషం మూడూ ఒకేలా వస్తాయి కాబట్టి ఏ చెక్కూ ఈ తప్పును పట్టుకోదు. ఇక్కడ మనమే చూసుకోవాలి.

పడుకునే ముందు ఈ అయిదూ నోట్లో చేయండి: 46, 1070, 2311, 52.3, 0.07. జవాబులు వరుసగా 38, 568, 1225, 42.375, 0.109375. రెండోదాంట్లో రెండు సున్నాలున్నాయి, చూసుకోండి.