ఆదిలాబాద్ నీడ, కావలి నీడ

నిరుడు మా కావలి బడి పిల్లల్ని ఒక ఆన్‌లైన్ ఉమ్మడి క్లాసులో కూర్చోబెట్టారు. అటువైపు వేరే రాష్ట్రం బడి. ప్యానెల్ మీద వాళ్లు చేతులూపారు, మావాళ్లూ ఊపారు. ఒక పాట, కాసిని పరిచయాలు, మిగతా సమయమంతా "హలో, వినిపిస్తోందా?" తోనే సరిపోయింది. బయటికొస్తూ తొమ్మిదో తరగతి వాడొకడు "ఇంతకీ వాళ్లతో మనకేం పని మేడం?" అన్నాడు.

సరైన ప్రశ్న. అటువాళ్ల దగ్గరున్న అంకె వస్తే తప్ప మన లెక్క తెగకూడదు. అప్పుడే అది ఉమ్మడి పాఠం. లేదంటే ఒట్టి వీడియో కాల్.

అందుకే ఈసారి భూమి చుట్టుకొలత తీసుకున్నాం. నాతో కలిసేది బీఈడీలో నా సీనియర్ అక్క. పెళ్లయ్యాక ఆదిలాబాద్‌లో స్థిరపడి, అక్కడే ఫిజిక్సు చెబుతోంది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ చేసిన లెక్కే ఇది. ఈజిప్టులోని సయీన్ ఊళ్లో సూర్యుడు నడినెత్తిన ఉన్న రోజు అలెగ్జాండ్రియాలో 7.2 డిగ్రీలు పక్కకున్నాడు. వృత్తంలోని 360 డిగ్రీల్లో అది 50వ వంతు, అంటే ఆ రెండు ఊళ్ల మధ్య దూరం కూడా భూమి చుట్టుకొలతలో 50వ వంతు.

ముందు ఒంగోలు బడి ఒకటి అనుకున్నా. పక్కనే, ఏం కావాలన్నా ఫోన్ చేస్తే చాలు. కానీ మీటరు కర్ర పెడితే రెండు నీడలకూ తేడా సెంటీమీటరున్నర కూడా రాదు. ఆదిలాబాద్ అయితే దాదాపు 12 సెంటీమీటర్లు. పైగా రెండు ఊళ్లూ ఇంచుమించు ఒకే రేఖాంశం మీదున్నాయి, మధ్యాహ్నం ఆరు నిమిషాల తేడాలో అవుతుంది.

తేదీ దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది. నాకు ఆగస్టు రెండో వారం మీద మనసు. అప్పుడు కావలిలో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికొస్తాడు, కర్రకు నీడే ఉండదు, అచ్చం సయీన్ లాగా. అక్క నవ్వింది. "ఆగస్టులో మా దగ్గర సూర్యుడి మొహం చూసేదెప్పుడే?" వాళ్లకు అది ముసురు కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, వాయుగుండాలు. మార్చిలో ఒంటిపూట బడులు, పన్నెండున్నరకే బడి వదిలేస్తారు. ఆలోచిస్తే, ఒకే రోజు కొలిచినంత వరకూ ఏ రోజైనా ఒకటే. రెండు ఊళ్లలో సూర్యుడి కోణాల మధ్య తేడా మారదు. సంక్రాంతి సెలవులయ్యాక, ఫిబ్రవరి మొదటి వారం ఖాయం చేశాం. మబ్బు పడితే మర్నాడు.

ఆ వారంలో మాకు నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండేది 12.24కు, వాళ్లకు 12.30కి. సరిగ్గా అన్నం వేళ! వంట అక్కను బతిమాలితే మా తరగతికి చివర్లో వడ్డిస్తానంది. తమ కోడిగుడ్లు విడిగా తీసిపెట్టాలన్నది పిల్లల షరతు.

పన్నెండుంబావు నుంచి మూడేసి నిమిషాలకోసారి నీడ కొసను సిమెంటు గచ్చు మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టాలి. కర్ర నిలువుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూసుకోవాలి. ఇక్కడ మాత్రం నేను కఠినంగా ఉంటా. నీడలో ఒక్క సెంటీమీటరు తప్పు పోయిందా, భూమి చుట్టుకొలత మూడు నాలుగు వేల కిలోమీటర్లు అటో ఇటో అవుతుంది. తొమ్మిదో తరగతికి టాన్ పట్టికలు ఎందుకని, కర్రా నీడా కలిసిన త్రిభుజాన్ని స్కేలుకు గీయించి ప్రొట్రాక్టరుతో కోణం కొలిపిస్తాం. తేడా ఐదు డిగ్రీలకు కాస్త తక్కువ రావాలి.

దూరం కూడా పిల్లలే తీయాలి. హైదరాబాద్ మీదుగా బస్సు దూరం పనికిరాదు. అట్లాసులో ఉత్తర దక్షిణాలుగా, స్కేలు పెట్టి కొలిస్తే 530 కిలోమీటర్ల దరిదాపుల్లో వస్తుంది. అక్షాంశాలు చూసి చెప్పడం నిషేధం. అది జవాబు చూసి లెక్క చేయడమే.

నెట్ గురించి టెన్షన్ లేదు. వీడియో కాల్ చివర్లో ఇరవై నిమిషాలే, అదీ ఎవరి లెక్క ఎందుకు తేడా వచ్చిందో వాదించుకోవడానికి. లైన్ పోతే వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయి.

అసలు భయం వేరే. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లని మావాళ్లకు ముందే తెలుసు. దానికి సరిపోయేలా నీడను సాగదీస్తారు, నాకు తెలుసు వీళ్ల సంగతి. అందుకని లెక్క మొదలెట్టకముందే కొలతల పేజీ ఫోటో తీసి అవతలి బడికి పంపేయాలి, ఆ తర్వాత దిద్దడం కుదరదు. ఎవరు ముందు పంపాలన్న దాని మీద నాకూ అక్కకూ చిన్న వాదన జరిగింది. చివరికి ఇద్దరం ఒకేసారి, ఒంటి గంటకు పంపాలని ఒప్పందం.