సౌత్ ఐలాండ్‌లో మోటర్‌హోమ్, వెంట మురుగునీళ్ళు

న్యూజీలాండ్ సౌత్ ఐలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో మా అద్దె మోటర్‌హోమ్ (మంచం, వంట, టాయిలెట్ అన్నీ లోపలే ఉన్న బండి) అప్పగించిన అమ్మాయి మంచం ఎలా పరచాలో, గ్యాస్ ఎక్కడ తిప్పాలో చకచకా చూపించేసింది. బండి పక్కనున్న చిన్న తలుపు తాళం తీసినప్పుడు మాత్రం నిదానంగా, ఆగి ఆగి చెప్పింది. లోపల ఉన్నది టాయిలెట్ క్యాసెట్, మలమూత్రాలు చేరేది అందులోనే. సూట్‌కేసులా చక్రాలూ పిడీ ఉన్న ప్లాస్టిక్ పెట్టె, ఇరవై లీటర్లకు కాస్త అటూ ఇటూ పడుతుంది. "ఇది ఎవరు ఖాళీ చేస్తారో ఇక్కడే తేల్చుకోండి, దారిలో గొడవలుండవు" అంది. అక్క బావ వైపు చూసింది. బావ నా వైపు చూశాడు. మేనకోడలు ఆకాశం వైపు చూసింది.

అప్పటికి మా భయమంతా ఆ పెట్టె మీదే. తీరా దారిలో పడ్డాక అదంత పెద్ద విషయం కాదని తేలింది. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కదలాలో మాకు చెప్పింది గ్రే వాటర్. గిన్నెలు కడిగిన నీళ్ళు, ముఖం కడుక్కున్న నీళ్ళు, షవర్ నీళ్ళు అన్నీ బండి అడుగున ఒక ట్యాంకులో చేరతాయి. ఇంట్లో అయితే ఆ నీళ్ళు తూములోకి పోయాక మళ్ళీ కనపడవు, ఎన్ని వాడామో ఎవరూ లెక్క చూడరు. ఇక్కడ అవి మనతోనే ప్రయాణం చేస్తాయి. లీటరంటే కిలో బరువు. ట్యాంకు నిండుకొచ్చినప్పుడు మలుపు తిరిగితే కింద నీళ్ళు ఊగడం స్టీరింగ్ దగ్గరే తెలుస్తోందని బావ అనేవాడు.

బండి ముందు అద్దం మీద ఆకుపచ్చ కార్డు ఒకటి ఉంది. సెల్ఫ్ కంటెయిన్డ్ బండి అని దానర్థం, అంటే తన నీళ్ళూ తన మురుగూ తనలోనే పట్టుకునే బండి. న్యూజీలాండ్‌లో ఫ్రీడమ్ క్యాంపింగ్ (డబ్బు కట్టే క్యాంప్‌సైట్లలో కాకుండా బయట బండి ఆపుకుని రాత్రి ఉండడం) చట్టం 2011లో వచ్చింది, 2023లో నిబంధనలు బిగించారు. టాయిలెట్ బండిలో స్థిరంగా అమర్చి ఉండాలి, మంచం పరిచాక కూడా వాడుకునే వీలుండాలి. ఎక్కడికంటే అక్కడికి మోసుకెళ్ళే పోర్టబుల్ టాయిలెట్ చూపిస్తే ఇప్పుడు ఒప్పుకోరు. నీళ్ళకు కనీస లెక్క మనిషికి రోజుకు 4 లీటర్లు, అలా మూడు రోజులకు. మంచినీళ్ళు అన్ని ఉండాలి, వాడిన నీళ్ళు పట్టడానికీ అంత చోటుండాలి. అంటే నలుగురికి 48 లీటర్లు. కాగితం మీద బాగానే ఉంది. మేనకోడలు కుళాయి తిప్పి వదిలేసి పళ్ళు తోముకుంటే ఆ పిల్ల ఒక రోజు వాటా నిమిషంలో అయిపోతుంది. మా ట్యాంకులు అంతకన్నా పెద్దవే అయినా, బండిలో షవర్ చేద్దామన్న ముచ్చట మొదట్లోనే మానుకున్నాం.

టెకపోలో దిగింది హాలిడే పార్కులో. కరెంటు, వేడినీళ్ళ స్నానాల గదులు, కామన్ వంటగది అన్నీ ఉన్నాయి కాబట్టి మా ట్యాంకులోకి పెద్దగా ఏమీ చేరలేదు. అక్కడి నక్షత్రాల ఆకాశం గురించి అందరూ రాశారు, నేను రాయను. పుకాకి సరస్సు ఒడ్డుకు చేరాక అసలు పరీక్ష మొదలైంది. అక్కడ సెల్ఫ్ కంటెయిన్డ్ బండ్లనే ఉండనిస్తారు. కరెంటు లేదు, స్నానాల గదులు లేవు. హిమానీనదాలు రాళ్ళను పిండిలా అరగదీయడం వల్ల ఆ నీళ్ళకు పాలు కలిపిన నీలం రంగు వస్తుంది. వాసన రాకుండా క్యాసెట్‌లో పోసే మందు కూడా నీలమే. బావ దాని మూత తీసినప్పుడల్లా "పుకాకి" అనేవాడు. అక్కకు ఆ జోకు ఎప్పుడూ నచ్చలేదు.

అక్కడే మాకు కాస్త దూరంలో ఆగిన ఒక వ్యాన్ అడుగు నుంచి గడ్డి మీదికి సన్నగా నీళ్ళు కారుతున్నాయి. వాల్వ్ కొద్దిగా తెరిచి వదిలేశారు. ట్యాంకు నిండే బాధ ఉండదు, డంప్ స్టేషన్ (బండ్ల మురుగు ఒంపే చోటు) వెతుక్కునే పని తప్పుతుంది. ఉత్త సబ్బునీళ్ళే కదా, గడ్డికి ఏమవుతుంది అన్న ధీమా. క్యాసెట్‌ను అలా గడ్డి మీద ఒంపడానికి ఎవరికీ చేతులు రావు కానీ, గ్రే వాటర్ దగ్గరికొచ్చేసరికి మర్యాదస్తులు కూడా జారిపోతారు. ఆ నీళ్ళలో నూనె ఉంటుంది, మెతుకులుంటాయి, సబ్బు ఉంటుంది, చేతుల మీంచి వచ్చిన క్రిములుంటాయి. పదడుగుల దూరంలో సరస్సు. మా పక్కన పాత బస్సును ఇల్లుగా మార్చుకుని తిరుగుతున్న పెద్దాయన లేచి వెళ్ళి ఏదో చెప్పాడు. కాసేపటికి ఆ కారడం ఆగింది. ఏం చెప్పారని అడిగితే, "మీ బండి కింద ఏదో లీకవుతున్నట్టుంది, చూసుకోండి అన్నాను" అన్నాడు. గొడవ లేకుండా పని జరిపించడం అంటే అదీ.

మేం సింకు వాడే తీరు మార్చింది కూడా ఆయనే. గిన్నెలు, పళ్ళాలు ముందు కాగితంతో తుడిచెయ్యాలి. సింకు నోటికి సన్న జాలీ పెట్టాలి. నూనె చుక్క కూడా లోపలికి పోనివ్వకూడదు, సీసాలో పట్టి చెత్తలో వెయ్యాలి. ట్యాంకులో నీళ్ళు నిలవుంటాయి, గాలి ఆడదు, అక్కడ మెతుకులు కుళ్ళితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన పుడుతుంది. క్యాసెట్‌లో మందు ఉంటుంది కాబట్టి అది ఒక పద్ధతిలో ఉంటుంది. గ్రే ట్యాంకులో చాలామంది ఏ మందూ పొయ్యరు. అందుకే రెండు మూడు రోజుల సింకు నీళ్ళు వదిలినప్పుడు వచ్చే వాసన ముందు క్యాసెట్ వాసన లెక్కలోది కాదు. నమ్మకపోతే ఒకసారి వాల్వ్ దగ్గర నిలబడి చూడండి.

అవొరాకి (మౌంట్ కుక్) కొండ కింద వైట్ హార్స్ హిల్ క్యాంప్‌సైట్‌లో మరుగుదొడ్లు ఉన్నాయి కదా, క్యాసెట్ అందులో ఒంపేస్తే పోలా అని నాకూ అనిపించింది. అలా చెయ్యకూడదు. మందు కలిసిన మురుగు సెప్టిక్ ట్యాంకుల్లో పడితే అక్కడ మలాన్ని కుళ్ళబెట్టే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఫార్మాల్డిహైడ్ ఉన్న మందులైతే మరీను. పర్యావరణానికి మేలైన రకం మందులూ దొరుకుతాయి, అయినా ఒంపాల్సిన చోటు మాత్రం డంప్ స్టేషనే. కాబట్టి 3,724 మీటర్ల కొండను చూస్తూ, కింద ఎంత నిండిందో లెక్కేసుకుంటూ కూర్చున్నాం.

ఆ లెక్క కూడా అంత తేలిక కాదు. గోడ మీది ప్యానెల్లో గ్రే ట్యాంకు ముప్పావు వంతు అని చూపిస్తుంది. ఖాళీ చేసొచ్చాక కూడా ముప్పావే అంటుంది. లోపలి సెన్సర్‌కు సబ్బు జిడ్డు పట్టేస్తే అంతే. మేం చివరికి దాన్ని నమ్మడం మానేసి మంచినీళ్ళు ఎంత తగ్గాయో చూసుకునేవాళ్ళం. తాగినవీ టాయిలెట్‌లో పోసినవీ తీసేస్తే తక్కినవన్నీ కింద ఉన్నట్టే. క్యాసెట్ నయం, నిండుకొస్తే ఎర్ర లైటు వెలుగుతుంది, అది అబద్ధం చెప్పలేదు.

కొండ దిగాక దారిలోని ఒక ఊళ్ళో పబ్లిక్ డంప్ స్టేషన్ దొరికింది. సిమెంటు గచ్చు నాలుగు వైపుల నుంచీ మధ్యకు వాలి ఉంటుంది, మధ్యలో ఇనుప జాలీ. పక్కన కాలితో ఎత్తే మూత ఉన్న గొయ్యి, అది క్యాసెట్‌కు. దానికి ఆనుకుని పైపు తగిలించిన కుళాయి, కడగడానికి మాత్రమే అని బోర్డు. తాగేనీళ్ళ కుళాయి వేరే చోట ఉంది. ఆ రెండో కుళాయి దగ్గరికి వెళ్ళే ముందు గ్లోవ్స్ తీసి చేతులు కడుక్కోకపోతే చేసిందంతా దండగ.

ముందు బండిని సరిగ్గా నిలపాలి. గొట్టం పెట్టినా పెట్టకపోయినా వాల్వ్ నోరు జాలీ మీదికి వస్తేనే నేల తడవదు. నేను వెనకాల నిలబడి "ఇంకొంచెం బావా, ఇంకొంచెం, చాలు" అంటుంటే అతను అంగుళాల్లో వెనక్కి వచ్చాడు. వాల్వ్ సగం తెరిస్తే నీళ్ళు నీరసంగా వచ్చి మడ్డి లోపలే మిగిలిపోతుంది. ఒక్కసారిగా పూర్తిగా తెరవాలి. బూడిదరంగు నీళ్ళు భళ్ళున వచ్చాయి. అంత తుడిచినా ఎక్కడి నుంచి వచ్చిందో ఒక బఠాణీ గింజ జాలీ మీద ఆగింది. ధార సన్నబడ్డాక సింకులో ఒక బకెట్టు మంచినీళ్ళు పోస్తే ఆ మిగిలింది కూడా కొట్టుకొస్తుంది.

క్యాసెట్ పని రెండు నిమిషాలు కూడా పట్టదు. మూతి తిప్పి, మూత విప్పి, వంచుతూ వెనకనున్న గాలి బొత్తాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకోవాలి. ఆ బొత్తాం ఎందుకుందో తెలియని వాళ్ళ ప్యాంట్లు చూస్తే తెలిసిపోతుంది. గాలి లోపలికి పోకపోతే గుటకలు గుటకలుగా వచ్చి చిందుతుంది. తర్వాత నీళ్ళు పట్టి ఊపి మళ్ళీ ఒంపడం, మందు కొలిచి పొయ్యడం, క్లిక్‌మనేదాకా లోపలికి తొయ్యడం. మెకెంజీ మైదానంలో మాత్రం ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. అక్కడి గాలి కొండల మీంచి తోసుకొస్తుంది, పైపుతో కడుగుతుంటే చినుకులు ఎటు పోతాయో చెప్పలేం.

లిండిస్ పాస్ మలుపులు దాటాక బండి లోపల వాసన మొదలైంది. ట్యాంకు అప్పుడే ఖాళీ చేశాం, ఎక్కడి వాసన ఇది? సింకు కింద వంపు తిరిగిన గొట్టంలో కాసిని నీళ్ళు ఎప్పుడూ నిలబడి ట్యాంకు గాలిని పైకి రానివ్వవు. ఘాట్ రోడ్డు కుదుపులకు ఆ కాసినీ ఒలికిపోతాయి. బండి ఆపి సింకులో గ్లాసుడు నీళ్ళు పోసి, రెండు సింకులకూ రబ్బరు బిరడాలు బిగించాక నెమ్మదించింది. వనాకా నుంచి హాస్ట్ పాస్ మీదుగా వెళ్ళేటప్పుడు ఆ బిరడాలు అక్క డ్యూటీ. బండి స్టార్ట్ చేసే ముందు "బిరడాలు?" అని బావ అరవడం, "పెట్టానండీ" అని అక్క అనడం అలవాటైపోయింది.

వెస్ట్ కోస్ట్‌లో శాండ్‌ఫ్లైలు, అంటే కుట్టే చిన్న ఈగలు, ఉంటాయని తెలుసు, మందు పూసుకున్నాం. కానీ ఒక చేత్తో క్యాసెట్ పిడి, ఇంకో చేత్తో గాలి బొత్తాం పట్టుకున్న మనిషి మణికట్టు మీద అవి వాలితే చేసేదేమీ లేదు. గ్లోవు చివరకూ చొక్కా చేతికీ మధ్య అంగుళం మేర తోలు దొరికినా వాటికి చాలు. ఆ తర్వాతి నుంచి పొడవు గ్లోవ్స్. అక్కడ జనం పొద్దున్నే పది గంటలకు గదులూ సైట్లూ ఖాళీ చేస్తారు, డంప్ స్టేషన్ దగ్గర క్యూ కడతారు. మేం సాయంత్రం చేరగానే ముందు ఆ పని ముగించేవాళ్ళం, వెనకాల ఎవరూ హారన్ కొట్టేవాళ్ళు లేరు.

ఆర్థర్స్ పాస్ ఎక్కే ముందు ట్యాంకులు పూర్తిగా ఖాళీ చేశాం. ఒటిరా దగ్గర ఎత్తు బాగా ఉంటుంది, 1999లో కట్టిన వయాడక్ట్ (లోయ మీది పొడవాటి వంతెన) మీద బండి రొప్పుతూనే ఎక్కింది, ఆ మురుగు బరువు కూడా ఉంటే ఇంకెలా ఉండేదో. పైన ఊళ్ళో టీ తాగడానికి ఆగితే కియా చిలకలు వచ్చాయి. బండ్ల రబ్బరు పీకడం వాటికి సరదా. ఒకటి నేరుగా క్యాసెట్ తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ దగ్గరికి వెళ్ళి మూల పట్టుకుని లాగడం మొదలెట్టింది. బావ చప్పట్లు కొడుతూ పరిగెత్తాడు. అది రెండడుగులు పక్కకు జరిగి, తల వంచి అతన్ని తేరిపార చూసి, మళ్ళీ అక్కడికే వచ్చింది. మేనకోడలు వీడియో తీస్తూనే ఉంది. టీ సగంలో వదిలేసి బయల్దేరాం.