శిలాఫలకం కింద తాళం

మా పిన్ని వాళ్ల ఊరు కనిగిరి నుంచి పామూరు వెళ్లే దారిలో ఉంది. అక్కడ గుడి పక్కన, ఏడేళ్ల క్రితం ఒక కంపెనీ కట్టించిన నీళ్ల ప్లాంటు తలుపుకు తాళం వేసి ఉంది. దాత పేరు చెక్కిన శిలాఫలకం మాత్రం చెక్కు చెదరలేదు. "గది కట్టిచ్చినోళ్లు ఫిల్టరు మార్చేదానికి రారంట నాయనా" అన్నది పిన్ని.

తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. ఈ మెట్ట మండలాల్లో చాలా బోర్లది అంతకు మించిన లెక్క. పళ్లు గార పట్టడంతో అది ఆగదు. కీళ్లు బిగుసుకుపోయి కూలికి వెళ్లలేనివాడు సంపాదన పోగొట్టుకుని, పైపెచ్చు నొప్పుల మాత్రలకు అప్పు చేస్తాడు. కాబట్టి ఇక్కడ మంచినీళ్లు ఇవ్వడమంటే పేదరికాన్ని తగ్గించడమే.

2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు తమ మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. అయితే తాము పనిచేసే ప్రాంతానికే ప్రాధాన్యమివ్వాలని కూడా అదే చట్టం చెబుతోంది గనుక, కృష్ణపట్నం ఓడరేవు చుట్టుపక్కల ఊళ్లకు అందే అవకాశం ఫ్యాక్టరీలే లేని మా మెట్టకు అంతగా లేదు. విదేశీ విరాళాలతో నడిచే సంస్థలకైతే విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ పరిపాలనా ఖర్చు పరిమితిని 50 నుంచి 20 శాతానికి కుదించింది. లెక్కలు రాసే మనిషికి జీతమివ్వడమే చిన్న సంస్థలకు కష్టమైంది.

దాతలకు ప్రారంభోత్సవం మీద ఉన్న మోజు మరమ్మతు మీద ఉండదు. (ఫిల్టరు మార్చినందుకు ఎవరూ శాలువా కప్పరు మరి.) ఈ విషయంలో నాకు దూబగుంట అనే ఊరే గుర్తుకొస్తుంది. 1990ల తొలినాళ్లలో సారాపై తిరగబడిన నెల్లూరు జిల్లా ఆడవాళ్లు, ఆ తర్వాత రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు చేయడం మొదలుపెట్టారు. ఆ డబ్బు చిన్నదే. కానీ దాని పుస్తకం వాళ్ల చేతిలోనే ఉండేది.

పిన్ని వాళ్ల పొదుపు సంఘం ఇప్పుడు ఇంటికి వంద రూపాయలు పోగు చేస్తోంది. నేను చూసిన రోజుకు నోటు పుస్తకంలో నలభై ఒక్క పేర్లున్నాయి. ఫిల్టరు మార్చేదానికి సగం ఖర్చు మేం పెట్టుకుంటాం, మిగతా సగం ఇవ్వండి, తాళం చెవి మాత్రం సంఘానికి అప్పగించండి అని కంపెనీకి రాయాల్సిన అర్జీ నా చేత రాయించారు.